వెనక గది కిటికీ

మొన్న ఆగస్టులో పరాయి దేశంలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి కిల్కెన్నీ వెళ్లినప్పుడు, ఊళ్లోని పాత ఇళ్లను కొన్నాళ్లపాటు జనానికి తెరిచి చూపిస్తున్నారని తెలిసి, ఐదేళ్ల మనవరాలి చెయ్యి పట్టుకుని, ఒకప్పుడు నేను ఏడాదికి పైగా వండుకు తిన్న ఇంటినే చూడటానికి వరసలో నిలబడ్డాను. నేను పోపు పెట్టిన గదికి ఇప్పుడు అడ్డంగా తాడు కట్టి ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. నా మంచం ఉన్న చోట గాజుపెట్టెలో ఎవరిదో పాత గొడుగు పెట్టారు. మెడలో బిళ్ల వేసుకున్న ఓ కాలేజీ అమ్మాయి మమ్మల్ని వెంటేసుకుని, పైకప్పు మీది సున్నపు లతలూ, నల్లరాతి పొయ్యిగూడూ, మెట్ల పక్కన నున్నగా అరిగిన చేతికర్రా అన్నీ చూపించి, చివరికి మెట్ల మలుపులో ఉన్న వెనక గదిలోకి తీసుకెళ్లింది.

ఆ గదికి ఒకటే కిటికీ, దానికి పన్నెండు అద్దాలు. అవి మనిషి నోటితో ఊది చేసిన గాజు అనీ, అందుకే వాటిలోంచి చూస్తే అవతలి నదీ చెట్లూ కొద్దిగా వణుకుతున్నట్టుంటాయనీ, ఇల్లు కట్టిన నాటినుంచి పదకొండు అద్దాలు చెక్కుచెదరలేదనీ ఆ పిల్ల గొప్పగా చెప్పింది. చెప్పి, కింది వరసలో ఎడమ పక్క అద్దం చూపించి, ఇది ఒక్కటే కొత్తది, ఎవరో అజాగ్రత్తగా పగలగొట్టారట, ఇలాంటి ఇంటికి ఇది తీరని నష్టం అని నిట్టూర్చింది. గుంపులో ఒకాయన అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాడు. నాకు చెవులు వేడెక్కాయి. అజాగ్రత్తగానా! ఆ అద్దం ఎలా పగిలిందో కళ్లారా చూసినదాన్ని నేనక్కడే నిలబడి ఉన్నాను. చెబుదామంటే నా ఇంగ్లీషు అంత దూరం రాదు, తెలుగులో చెబితే వినేవాళ్లు అక్కడ లేరు. అందుకని మీకు చెబుతున్నాను. నా ఈడు వాళ్లకి ఆ రెండేళ్లు ఎలా గడిచాయో వేరే చెప్పనక్కర్లేదు కదా.

కరోనా అనే మాట ఇంకా ఎవరి నోటా సరిగా పలకని ఫిబ్రవరి నెలలో, అమ్మాయికి పురుడు పోయడానికి, పెట్టెలో వసకొమ్మూ వామూ శొంఠీ, పొత్తిళ్లకి మెత్తటి పాత చీరలూ సర్దుకుని నేను ఆ ఊరు వెళ్లాను. మావారు ఏప్రిల్లో వచ్చి మనవరాలిని చూసి, ఇద్దరం కలిసి తెనాలి వెనక్కి రావాలని ముందే అనుకుని టిక్కెట్లు కూడా కొనిపెట్టుకున్నాం. అల్లుడు ఓ మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ దేశంలో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఆ తరవాత తెలిసింది గానీ, నది పక్క వీధిలో ఆ పాత వర్తకుల ఇంటి పై అంతస్తు దొరికినందుకు వాళ్లిద్దరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. కింది అంతస్తులో ఇంటావిడ ఒక్కతే ఉండేది. ఎనభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, వెన్ను మాత్రం నిటారు. ఆవిడ ముత్తాత టీ, మిరియాలు, దాల్చినచెక్క అమ్మి సంపాదించిన డబ్బుతో కొన్న ఇల్లది. మన మిరియాల మీద కొన్న ఇంట్లో మన పోపు వాసనకి ముక్కు మూసుకుంటుందేమిటని నేను వచ్చిన వారంలోనే అల్లుడి దగ్గర సణిగాను.

ఆ ఇల్లు ప్రభుత్వం కాపాడవలసిన ఇళ్లలో ఒకటట. బయటి గోడలే కాదు, లోపల తలుపు గొళ్లెం మార్చాలన్నా ఊరి కౌన్సిల్ వాళ్ల అనుమతి కావాలి. ఇంటావిడకి మాత్రం కౌన్సిల్ చెప్పక్కర్లేదు, ఆవిడే పెద్ద కౌన్సిలు. మనవాళ్లు కొత్త ఇంట్లో దిగగానే చేసే మొదటి పని ఏమిటో మీకు తెలుసు. అల్లుడు కూడా అదే చేశాడు. నేను తెచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించడానికి కిటికీ పక్క చెక్క మీద మేకు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేశాడో లేదో, కింద తలుపు ధడాలున తెరుచుకుంది. ఆవిడ పైకొచ్చి, మేకు చూసి, ఆ కన్నం మీద వేలు పెట్టి నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లుడు వందసార్లు సారీ చెప్పాడు. ఓ మేకుకి ఇంత రాద్ధాంతమా అని నేను తెలుగులోనే అన్నాను గానీ, తిట్టుకి భాష అక్కర్లేదు కదా, ఆవిడ నావైపు ఓ చూపు చూసి దిగిపోయింది. స్వామివారు ఫ్రిజ్ మీదకి చేరారు. ఆ రోజునుంచి నేను ఆవిడకి దొరసాని అని పేరు పెట్టాను.

మార్చిలో మనవరాలు పుట్టింది. ఆస్పత్రిలోకి ఎవర్నీ రానివ్వలేదు. అల్లుడు కార్ పార్కులో కూర్చుని ఫోన్లో బిడ్డ ఏడుపు విన్నాడు, నేను ఇంట్లో దీపం ముందు కూర్చుని విన్నాను. తల్లీబిడ్డా ఇంటికొచ్చేసరికి దేశమంతా తలుపులు వేసేసింది. ఇంటికి రెండు కిలోమీటర్లు దాటకూడదన్నారు, దారిలో గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవారు. డెబ్బై దాటినవాళ్లు గడప కూడా దాటకూడదన్నారు, దానికి కకూనింగ్ అని ఓ పేరు పెట్టారు, అంటే పట్టుపురుగులా గూట్లో ఉండమని. అల్లుడు దొరసానికి పాలూ రొట్టే తలుపు దగ్గర పెట్టి గంట కొట్టి దూరం జరిగేవాడు. మావారి విమానం రద్దయింది. వేసవికి అన్నారు, అదీ రద్దయింది. అలా కొన్న ప్రతి టిక్కెట్టూ రద్దవుతూ ఉంటే, ఈ మనిషిని మళ్లీ చూస్తానా అన్న భయం నాకు మొదటినుంచీ ఉంది. పైకి అంటే అమ్మాయి బెంగపడుతుందని అనలేదు, అంతే.

మావారు ఆర్ అండ్ బి శాఖలో ఓవర్‌సీరుగా చేరి అసిస్టెంటు ఇంజనీరుగా రిటైరయ్యారు. రోడ్లు వెడల్పు చేయడానికి తన చేతులమీదుగా కూలగొట్టించిన పాత మిద్దెలకి లెక్కలేదు. ఏ ఇల్లు కూల్చిన రోజునా ఆయన సరిగా భోంచేసేవారు కాదు. సున్నం చూశావా, బెల్లంనీళ్లూ కరక్కాయా పోసి గానుగాడించిన సున్నం, గునపానికి కూడా లొంగలేదు అని చెయ్యి కడుక్కుంటూ చెప్పేవారు. అలాంటి మనిషికి నేను ఫోన్లో ఈ ఇల్లు చూపించాను. ఇంక చూసుకోండి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి మనవరాలిని ఓసారి పలకరించి, "ఏమేవ్, ఆ మెట్లు ఇంకోసారి చూపించు. కాదు, కిందనుంచి. ఆ చేతికర్ర అతుకెక్కడుందో చూడు" అనేవారు. మనవరాలు బోర్లాపడిందండీ అంటే, సంతోషం, కప్పు మీద ఆ లత మూల దగ్గర ఎలా తిరిగిందో ఫోన్ ఎత్తి పట్టుకో అనేవారు. నేను విసుక్కునేదాన్ని. కానీ ఆ విసుగులోనే రోజు గడిచేది.

ఇంతకీ కిటికీ సంగతి. వీధి చప్పుడు రాదని, గాలి కొట్టదని బిడ్డని ఆ వెనక గదిలోనే పడుకోబెట్టేవాళ్లం. టీవీలో డాక్టర్లందరూ కిటికీలు తెరవండి, ఇంట్లో గాలి ఆడనివ్వండి అని మొత్తుకుంటున్నారు. అల్లుడు రోజూ ఫ్యాక్టరీకి వెళ్లి వస్తున్నాడు, అక్కడ ఎవరికో ఒకరికి వస్తూనే ఉంది. ఆ గది కిటికీ, రెక్కని పైకి జరిపి తెరిచే రకం, మాత్రం తెరుచుకోదు. ఏ కాలంలోనో రంగు వేసినవాడు చట్రాన్నీ రెక్కనీ కలిపి పూసేశాడు, అది రాయిలా బిగిసిపోయింది. వర్షాకాలం వచ్చేసరికి గోడ చెమ్మగిల్లి బిడ్డకి గురక లాంటి దగ్గు పట్టుకుంది. అమ్మాయి చేత దొరసానిని అడిగించాను. ఒప్పుకోలేదు. కిటికీ తాళ్లు కుళ్లిపోయాయి, బలవంతాన లేపితే అద్దం పోతుంది, అలాంటి గాజు ఇప్పుడు ఎక్కడా దొరకదు, మా తాత హయాంలో పోలేదు, నాన్న హయాంలో పోలేదు, నా హయాంలోనూ పోదు అంది.

నాకు ఒళ్లు మండింది. పసిగుడ్డు ఊపిరి కంటే గాజుముక్క ఎక్కువైందా? మావారికి చెబితే, తిట్టడం మానేసి పద్ధతి చెప్పారు. అలాంటి కిటికీల పక్కన గోడలో, రెక్క తేలిగ్గా పైకి లేవడానికి, ఇనప బరువులు తాళ్లకి వేలాడుతూ ఉంటాయట. ఇనప గరిటెలూ స్క్రూడ్రైవర్లూ పెట్టి ఎత్తకూడదు, పల్చటి చాకుతో రంగు అతుకు వెంబడే నెమ్మదిగా కోయాలి, తరవాత రెండు పక్కలా ఒకే బలంతో పైకి నెట్టాలి అన్నారు. ఫోన్‌ని కిటికీ గట్టు మీద నిలబెట్టి, ఆయన చూస్తుండగానే వంటింటి చాకు తీసుకుని మొదలుపెట్టాను. ఆ గీరుడు కింద గదిలోకి వినబడినట్టుంది. గడప దాటకూడని మనిషి మెట్ల చేతికర్ర పట్టుకుని ఎగశ్వాసతో పైకొచ్చింది. నా చేతిలో చాకు ఉంది, బిడ్డ కెక్కెక్కి ఏడుస్తోంది, మా అమ్మాయి మధ్యన నిలబడి ఇద్దరికీ చెప్పలేక తనూ ఏడుస్తోంది. లీజు అయిపోగానే మీరు వేరే ఇల్లు చూసుకోవాలి అని దొరసాని అన్న మాట నాకు కూడా అర్థమైంది. ఆ రోజుల్లో, ఇళ్లే లేని ఆ ఊళ్లో, పసిబిడ్డతో ఆ మాట వినడం ఎలా ఉంటుందో చెప్పలేను. నేను చాకు కింద పెట్టేశాను.

అప్పుడు గట్టు మీద ఫోన్లోంచి మావారు గొంతు సవరించుకున్నారు. జిల్లా కలెక్టరుగారితో మాట్లాడేటప్పుడు వాడే ఇంగ్లీషు బయటికి తీశారు. "మేడమ్, ఐయామ్ రిటైర్డ్ అసిస్టెంట్ ఇంజనీర్, రోడ్స్ అండ్ బిల్డింగ్స్" అంటూ మొదలుపెట్టి, నా భార్య తొందరపాటుని మన్నించండి అన్నారు. అంతవరకూ అని ఊరుకోకుండా, ఆ కిటికీ బరువులు ఇనపవా, సీసపువా అని అడిగారు. దొరసాని నిర్ఘాంతపోయి ఫోన్ వైపు చూసింది. ఇనపవే అని చెప్పింది. ఎంత బరువో ఆయన ఊహించి చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆ బరువులు తీసి నూనె రాయడం తను చూశానంది. ఇంక ఇద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. ఒకరి మాట ఒకరికి సగం అర్థమయ్యేది కాదు, అయినా ఆగలేదు. చివరికి ఆవిడ తీర్పు చెప్పింది: ఈ కిటికీ తెరుద్దాం, అయితే ఇంజనీరుగారు వచ్చాకే, ఆయన చేత్తోనే, ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. మావారు మురిసిపోయి మాటంటే మాట అన్నారు. మనవరాలికి గాలి కావాలని నేను కొట్లాడితే ఆయన తన సరదాకి హామీ తెచ్చుకున్నారు, అందుకు నేను రెండ్రోజులు ఫోనెత్తలేదు. బిడ్డని ముందుగదిలోకి మార్చుకున్నాం. లీజు మాట మాత్రం ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

అది మొదలు ఆవిడ ఆదివారం ఆదివారం మెట్ల కింద నిలబడి, ఇంజనీరుగారికి విమానం దొరికిందా అని అడిగేది. దొరకలేదని చేతులు తిప్పేదాన్ని. నన్ను ఎలాగైనా పంపించమని కూడా ఆ శరత్తులో అడిగాను. మన దగ్గర అప్పుడు మంచి ఉధృతంగా ఉంది, నువ్వక్కడే క్షేమం, నేనే వస్తాను అని మావారు పట్టుపట్టారు. ఆయన మాట కాదనలేకపోయాను. కాదని ఉంటే అన్న ఆలోచనతోనే ఇప్పటికీ తెల్లవారుతుంది నాకు.

జనవరిలో అక్కడ మళ్లీ విజృంభించింది. దొరసానికి ఒక్కగానొక్క చెల్లెలు, పోర్ట్‌లీష్ దగ్గర వృద్ధుల ఇంట్లో ఉండేది, ఆ నెలలో పోయింది. వెళ్లడానికి లేదు, చూడటానికి లేదు. చర్చిలో జరిగిన తంతు మా అమ్మాయి లాప్‌టాప్‌లో పెట్టి చూపిస్తే, కింది మెట్టు మీద కూర్చుని చూసింది, పై మెట్టు మీద నేను కూర్చున్నాను. అయిపోయాక నావైపు తిరిగింది. అప్పుడు చెప్పింది, మా అమ్మాయి నాకు తెలుగు చేసింది. వాళ్లలో మనిషి పోగానే ఆ గది కిటికీ తెరుస్తారట, ప్రాణం వెళ్లడానికి. ఆ కాసేపూ కిటికీకి అడ్డంగా ఎవరూ నిలబడకూడదట. అక్కడి నర్సుకి ఫోన్ చేసి మా చెల్లి గది కిటికీ తెరిచారా అని అడిగానంది. తెరిచాం లవ్, అందట ఆ నర్సు, మనం అమ్మా, నాయనా అన్నట్టు అక్కడ ఎవరినైనా అలాగే పిలుస్తారు. నిజంగా తెరిచిందో, ముసలిదాన్ని ఓదార్చడానికి అందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు అని ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేయడానికి కూడా లేని రోజులవి. నేను మెట్ల మీదనుంచి లేచి వెళ్లి మిరియాల చారు కాచి, గిన్నె సగం దారిలో పెట్టి వచ్చాను. తాగి గిన్నె కడిగి పెట్టింది. గ్రాండ్ అంది, వాళ్ల మాటలో బాగుందని. ఆ తరవాత రోజూ కాచాను. ఆవిడని దొరసాని అనడం కూడా ఎప్పుడు మానేశానో నాకు గుర్తులేదు.

ఏప్రిల్ నెలాఖరుకి నాకు దుబాయి మీదుగా టిక్కెట్టు దొరికింది. పెట్టె సర్దుకున్నాను. పెద్దావిడ తన కొట్టుగదిలో వెతికి, ఏనాటిదో తుప్పుపట్టిన కిటికీ బరువు ఒకటి కాగితంలో చుట్టి, ఇంజనీరుగారికి చూపించమని ఇచ్చింది. రోకలి తలకాయంత బరువుంది. అది పట్టడానికి నా చీరలు రెండు బయటపడేయాల్సి వచ్చింది. ఇంతలో మన దేశంలో ఆ రెండో విడత మొదలై, దుబాయి వాళ్లు మన విమానాలు ఆపేశారు. టిక్కెట్టు పోయింది. ఆ వారంలోనే మావారికి జ్వరం వచ్చింది.

తరవాతి రోజుల్ని వరసగా చెప్పడం నా వల్ల కాదు. మా మరిది ఆయన వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి అంకె చెప్పేవాడు. ఆ అంకె తగ్గుతూ వచ్చింది. గుంటూరులో మంచం కోసం తిరిగాడు, మంచం దొరికితే ఆక్సిజన్ లేదన్నారు. అల్లుడు డండాక్‌లోని స్నేహితులకి, హైదరాబాదులోని స్నేహితులకి, ఎవరెవరికో ఫోన్లు చేశాడు. నేను కనబడ్డ ప్రతి విమానం పేరూ చదివించుకునేదాన్ని. లండన్ మీదుగా పంపించండి, పారిస్ మీదుగా పంపించండి, ఎలాగోలా పంపించండి, నేను నడిచైనా వెళ్తాను అని అల్లుడి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆ పిల్లవాడు నా ముందు ఏడవలేక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చేవాడు. దేవుడికి మొక్కని మొక్కు లేదు. కోపం వచ్చి ఫ్రిజ్ మీది క్యాలెండరు తిప్పి పెట్టాను, మళ్లీ భయమేసి సరిచేశాను.

చివరిసారి ఫోన్ చేసినప్పుడు మాకింకా సాయంత్రం ఎండ ఉంది. మా మరిది ఎవరినో బతిమాలి ఫోన్ లోపలికి పంపించాడు. ఆయన మొహం మీద గొట్టాల మాస్కు ఉంది. మాట్లాడలేరు, చేత్తో సైగ చేస్తున్నారు, వేలు అటూ ఇటూ తిప్పుతున్నారు. మనవరాలిని చూపించమంటున్నారనుకుని దాన్ని ఎత్తి చూపించాను. చూశారు, నవ్వారు, మళ్లీ వేలు తిప్పారు. అప్పుడు తట్టింది నాకు. పరిగెత్తి వెనక గదిలోకి వెళ్లి ఫోన్‌ని కిటికీ వైపు తిప్పాను. ఆ అద్దాలమీద ఎండ పడి గోడంతా నీళ్లు కదిలినట్టు కదులుతోంది. ఆయన చాలాసేపు చూశారు. మాస్కు కొంచెం పక్కకి లాగి, "వస్తాను" అన్నారు. అదే ఆయన నాతో అన్న చివరి మాట.

మర్నాడు మాకక్కడ మధ్యాహ్నం వేళ మా మరిది ఫోన్ చేశాడు. శరీరాన్ని మున్సిపాలిటీ వాళ్లే తీసుకెళ్లారు. ముప్పై ఎనిమిదేళ్లు కలిసి బతికిన మనిషి మొహం చివరిసారి నేను చూడలేదు, నోట్లో తులసినీళ్లు పోయలేదు. నేను ఏ గదిలో కూర్చున్నానో కూడా తెలియలేదు. మా అమ్మాయి గొంతెత్తి ఏడవడం మాత్రం తెలుస్తోంది. బిడ్డ వాళ్లమ్మని చూసి బెదిరి నా ఒళ్లోకి పాకి వచ్చింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. పెద్దావిడ. మొహానికి మాస్కు, చేతిలో బొమ్మలేసేవాళ్లు రంగు పూసే పల్చటి రేకు కత్తి. అల్లుడిని పిలిచి వెనక గదిలోకి వెళ్లింది. కాసేపటికి గీరుతున్న చప్పుడు వినబడి నేనూ లేచి వెళ్లాను. ఆవిడ కిటికీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చట్రం అతుకు వెంబడే, మావారు చెప్పినట్టే, నెమ్మదిగా రంగు కోస్తోంది. తెల్లటి పొట్టు ఆవిడ నల్లగౌను మీద రాలుతోంది. ఎందుకని అడిగాను. ప్రాణం పోయింది తెనాలి వైపు కదా, ఇక్కడ తెరిచి ఏం లాభం అని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ తల తిప్పకుండా చెప్పింది. మా వాళ్లకి తెరిచేది వెళ్లడానికి. ఆయన వస్తానన్నాడు కదా, మాటిచ్చాడు కదా. వచ్చి చూస్తే మూసి ఉంటే ఎలా?

ఒక పక్క ఆవిడ, ఒక పక్క అల్లుడు పట్టుకుని రెక్కని పైకి నెట్టారు. ముసలి చేతులు, పడుచు చేతులు, ఒకే బలం ఎక్కడ వస్తుంది? రెక్క ఓ పక్కకి ఒరిగి బిగిసింది, కింది వరసలో ఎడమ అద్దం టప్‌మని చిట్లింది. గీత ఆ మూలనుంచి ఈ మూలకి పాకింది. మేకు కన్నం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి, ముగ్గురి హయాంలో పోనిదాన్ని కాపాడుకుంటూ వచ్చిన మనిషి. అల్లుడు అదిరిపడి చేతులు తీసేయబోయాడు. ఆవిడ అద్దం వైపు చూడనైనా చూడలేదు. "ఆపకు. నెట్టు, లవ్, నెట్టు" అంది. ముక్క ఊడి కింద తోటలో పడింది. రెక్క లేచింది. అది జారకుండా నేను వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి ఇచ్చాను, అడ్డం పెట్టింది. నది మీదినుంచి చల్లటి గాలి ఒక్కసారిగా గదిలోకొచ్చింది. ఆవిడ మా అందర్నీ గోడ వారకి జరిపి, తనూ పక్కకి జరిగి నిలబడింది. ఆ గాలి తగిలాక గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. ఏడాదికి పైబడిన నియమాలన్నీ పక్కనపెట్టి ఆవిడ నన్ను పట్టుకుంది.

నేను తిరిగి వచ్చిన మరుసటి ఏడాది పెద్దావిడ నిద్రలోనే పోయిందని అమ్మాయి చెప్పింది. అమ్మాయే వెళ్లి ఆవిడ పడుకున్న గది కిటికీ తెరిచి వచ్చిందట. ఇల్లు ఊరి పెద్దల చేతికి వెళ్లి, బాగుచేసి, ఇలా అందరికీ చూపించేదిగా మారింది. అమ్మాయి వాళ్లు ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కున్నారు, అక్కడ గోడలకి ఎన్ని మేకులు కొట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ ఇనప బరువు తెనాలిలో మా పడకగది తలుపుకి అడ్డం పెట్టుకున్నాను, గాలికి కొట్టుకోకుండా. ఎవరైనా ఇదేమిటండీ అంటే మావారిది అంటాను.

మొన్న ఆ కాలేజీ అమ్మాయి అన్నీ చెప్పడం అయ్యాక, చూడండి ఎంత తేలిగ్గా లేస్తుందో అని రెండు వేళ్లతో ఆ కిటికీ తెరిచింది. కొత్త తాళ్లు వేశారు, నూనె రాశారు. ఇంత తేలికైన పని కోసం ఎంతమంది ఎదురుచూశామో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆ రోజుల్లో భయంతో మేం గుమ్మాల వెనక దాక్కున్నామన్నా, మనిషి మనిషిని ముట్టుకోవడం తప్పయిందన్నా, ఇప్పటి పిల్లలు కథ చెబుతున్నామనుకుంటారు. అంతా సర్దుకుంది, తలుపులు తెరుచుకున్నాయి, విమానాలు తిరుగుతున్నాయి. అవి అలా తిరుగుతుంటే చూడటమే నాకు కష్టంగా ఉంటుంది.

మనవరాలు నది చూడటానికి పరిగెత్తి సరిగ్గా కిటికీకి ఎదురుగా నిలబడింది. నేను దాని భుజం పట్టుకుని పక్కకి లాగాను. "వై, అమ్మమ్మా? వాట్స్ రాంగ్?" అని అక్కడివాళ్ల యాసలో అడిగింది. తాతయ్యకి అడ్డమమ్మా అన్నాను. తెలుగు అర్థమవుతుంది దానికి, వచ్చి నా పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. పదకొండు అద్దాల్లో నది వణుకుతోంది, ఆ కొత్త అద్దంలో మాత్రం నిలకడగా ఉంది. కాపాడవలసినవని వాళ్లు ఆ పదకొండింటినీ లెక్కపెట్టుకుంటున్నారు, పెట్టుకోనివ్వండి. ఆ ఇంట్లో నాకంటూ మిగిలింది ఆ పన్నెండోది.